ఆవిరి తెరను చీల్చే ఉప్పు

ఎర్రగా కాలిన ఉక్కును నీళ్ళలో ముంచిన తొలి క్షణంలో నీరు దాన్ని తాకదు. దగ్గరికొచ్చిన నీరు తాకేలోపే ఆవిరైపోయి ఉక్కు చుట్టూ పలుచటి పొరలా కమ్ముకుంటుంది. ఆ పొర చెదిరేదాకా ఉక్కు తొట్టిలో మునిగి ఉన్నా దానికి తడి అంటనట్టే లెక్క. బాగా కాలిన అట్ల పెనం మీద చిలకరించిన నీటిబొట్లు ఇంకిపోకుండా గోలీల్లా దొర్లుకుంటూ పోవడం కూడా ఈ పొర వల్లనే. 1756లో యోహాన్ గాట్లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు ఎర్రగా కాల్చిన ఇనుప గరిటెలో నీటిబొట్టు వేసి, అది ఎంతసేపు నిలుస్తుందో గమనించి గ్రంథస్థం చేశాడు. ఇప్పటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. వంటింట్లో ఇది ఒక వింత మాత్రమే, కొలిమి దగ్గర మాత్రం పెద్ద చిక్కు. ఉక్కు గట్టిపడాలంటే ఏ సెకనులో వేడి అన్నిటికన్నా జోరుగా బయటికి పోవాలో, సరిగ్గా ఆ సెకనులోనే ఆవిరి అడ్డం నిలుస్తుంది. ఆ అడ్డును తీసేయడానికి అందరికీ అందుబాటులో ఉన్న పాత ఉపాయం నీళ్ళలో ఉప్పు కలపడం. ఉప్పునీళ్ళలో ముంచితే ఉక్కు పగులుతుందన్న అపవాదు చాలాకాలంగా ఉంది. అందులో సగమే నిజమనీ, తగిన ఉక్కుకు, తగిన ఆకారానికి మంచినీళ్ళకన్నా ఉప్పునీళ్ళే నమ్మదగినవనీ నా అభిప్రాయం.

ముందు ఆ సెకను విలువ తెలియాలి. సుమారు 0.8 శాతం కార్బన్ ఉన్న సాదా ఉక్కును 727 డిగ్రీల సెల్సియస్ దాటించి కాలిస్తే, లోపల ఇనుప పరమాణువుల అమరిక మారిపోతుంది. ఆస్టెనైట్ అనే ఆ కొత్త అమరికలో కార్బన్ పరమాణువులకు సర్దుకుని కూర్చునే చోటు దొరుకుతుంది. దాన్ని తాపీగా చల్లారనిస్తే కార్బన్ బయటికి జారి, ఇనుముతో కలిసి సన్నటి పొరలుగా పేరుకుంటుంది. అలా తయారయ్యేది పెర్లైట్, ఆకురాయికి లొంగేంత మెత్తనిది. కార్బన్‌కు కదిలే వ్యవధి ఇవ్వకుండా చల్లారిస్తే అది ఎక్కడిదక్కడ ఇరుక్కుపోతుంది, ఇనుప అమరిక ఒక దిక్కుకు సాగి బిగుసుకుంటుంది. గాజును గీయగల మార్టెన్‌సైట్ అలా పుడుతుంది. ఈ రెండు దారుల మధ్య గడువు ఎంతో 1930లో అమెరికాలో డేవెన్‌పోర్ట్, బెయిన్ అనే ఇద్దరు లోహశాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. చిన్న చిన్న ముక్కల్ని ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర నిలిపి, ఎంతసేపటికి మార్పు మొదలవుతుందో రాసుకుంటూ పోయారు. ఇలాంటి ఉక్కులో 550 డిగ్రీల చుట్టుపక్కల ఆ గడువు ఒక సెకను కూడా ఉండదు. గ్రాఫులో ముందుకు పొడుచుకొచ్చి కనిపించే ఆ చోటును లోహశాస్త్రంలో ‘ముక్కు’ అనే అంటారు. ముక్కును తగలకుండా దాటేస్తే ఆ తర్వాత తొందరలేదు. సుమారు 220 డిగ్రీల దాకా ఆస్టెనైట్ అలాగే దిగివచ్చి, అక్కడి నుంచి మార్టెన్‌సైట్‌గా మారడం మొదలుపెడుతుంది. అలా దాటిన ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి కొలమానంలో 65 దాకా పలుకుతుంది. ముక్కు తగిలి పూర్తిగా పెర్లైట్ అయిపోయినది 40 అందుకోవడమే గగనం.

ఇప్పుడు తొట్టి సంగతి. చల్లారడం మూడు దశల్లో సాగుతుంది. మొదటిది ఆవిరి తెర దశ, రెండోది నీరు ఉక్కును తాకి భగభగా మరిగే దశ, మూడోది ఉక్కు మరుగు ఉష్ణోగ్రత కిందికి దిగాక నీళ్ళు వేడెక్కి పైకి పారుతూ వేడిని తీసుకుపోయే దశ. ఆవిరి పొర గుండా ఒక చదరపు మీటరు మేర నుంచి, ఒక్కో డిగ్రీ తేడాకు, పోయే వేడి సుమారు 100 నుంచి 250 వాట్లు. మరిగే దశలో అది 10 వేల నుంచి 20 వేల వాట్ల దాకా ఉంటుంది. ఆవిరి ఉష్ణవాహకత నీటి ఉష్ణవాహకతలో పాతికో వంతే కాబట్టి ఈ తేడాలో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. ఉక్కు ఎర్రగా ఉన్నప్పటి నుంచి ముక్కును దాటేదాకా ఉన్న దూరమంతా ఈ తెర పరుచుకోగల మేరలోనే ఉంది. తెర ఎప్పుడు చెదిరితే అప్పుడే అసలు చల్లార్పు మొదలవుతుంది, అప్పటికి గడువు మించిపోయి ఉండవచ్చు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. తెర అంతటా ఒకేసారి చెదరదు. మొనల దగ్గర, అంచుల దగ్గర, గరుకైన చోట ముందు చిరుగుతుంది, చదునైన చోట, రంధ్రాల్లో, పట్టుకారు పట్టిన చోట ఇంకాసేపు నిలుస్తుంది. ఒకే వస్తువులో ఒక పక్క నీరు మరుగుతూ ఉంటే ఇంకో పక్క ఆవిరి దుప్పటి కింద తాపీగా ఎర్రదనం తగ్గుతూ ఉంటుంది. సమ్మెటకు పదును పెట్టాక ముఖం మీద అక్కడక్కడా మెత్తటి మచ్చలు తేలడానికీ, బారుగా ఉన్న కత్తి వంకర తిరగడానికీ ఎక్కువసార్లు కారణం ఈ అసమానతే.

ఈ నీళ్ళలో ఉప్పు వేస్తే ఏం మారుతుంది? ఉప్పునీరు ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది కాబట్టి ఆవిరి తక్కువ వస్తుందన్న జవాబు చాలా చోట్ల వినిపిస్తుంది. బరువులో 10 శాతం ఉప్పున్న నీరు 102 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 800 డిగ్రీల ఉక్కు ముందు ఈ రెండు డిగ్రీలు లెక్కలోకి రావు. ఉప్పునీరు ఎక్కువ వేడిని పీల్చుకుంటుందన్నది ఇంకో జవాబు, అది అసలే తలకిందులు. కిలోకు కిలో చూస్తే ఆ ఉప్పునీరు పీల్చుకోగల వేడి మంచినీటికన్నా సుమారు పదో వంతు తక్కువ, ఉష్ణవాహకత కూడా కాస్త తక్కువే. నీళ్ళు తమ స్వభావంతో చల్లారుస్తాయనుకుంటే ఉప్పు కలిపితే పని మందగించాలి. కానీ జరిగేది అందుకు పూర్తిగా విరుద్ధం. అమెరికన్ లోహశాస్త్రవేత్త మార్కస్ గ్రాస్‌మన్ చల్లార్చే ద్రవాల తీవ్రతకు ఒక అంకె వాడుకలోకి తెచ్చాడు. ఆ లెక్కలో కదపకుండా ఉంచిన నీళ్ళు సుమారు 1, నూనె 0.25 నుంచి 0.3, ఉప్పునీళ్ళు 2. పీల్చుకునే శక్తి తగ్గి కూడా పని రెట్టింపైందంటే, ఉప్పు పనిచేసేది తొట్టిలోని నీళ్ళ మీద కాదనీ, ఉక్కు పైపొరకు ఆనుకుని ఉన్న వెంట్రుకవాసి మందం మీదనేననీ తేలుతోంది.

అక్కడ జరిగేది ఇదని చాలామంది ఒప్పుకునే వివరణ ఒకటుంది. కాలిన ఉక్కు దగ్గరికి వచ్చిన ఉప్పునీటి నుంచి నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం సన్నటి పలుకులుగా ఉక్కుకు అంటుకుంటుంది. ఆ పలుకులు వేడికి చిటపట పగిలి ఆవిరి పొరను చిన్నాభిన్నం చేస్తాయి. పొర నిలదొక్కుకునేలోపే వెయ్యిచోట్ల చిల్లులు పడతాయి, ఆ చిల్లుల్లోంచి నీరు వచ్చి ఉక్కును తాకుతుంది. ఉక్కు మీద పట్టిన నల్లటి పెంకు కూడా ఆ పగుళ్ళతోపాటు రాలిపోతుంది. ఉప్పునీళ్ళలోంచి తీసిన ముక్క బూడిదరంగులో శుభ్రంగా కనిపించడానికి కారణం అదే. ఈ మధ్యకాలంలో కొందరు శాస్త్రవేత్తలు ద్రవంలోని విద్యుదావేశమున్న అయాన్లకు కూడా పాత్ర ఉందంటున్నారు. లోహం ఉపరితలం దగ్గర అవి ఏర్పరిచే పొర ఆవిరి తెరకన్నా ముందే మరిగే దశను రప్పిస్తుందని వాళ్ళ వాదన. ఉప్పు కలిసిన నీటిలో చిన్న బుడగలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవి కావడం కష్టమవుతుందని 1993లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అది గాలి బుడగల మీద చేసిన ప్రయోగం కాబట్టి ఎర్రటి ఉక్కు మీది ఆవిరికి యథాతథంగా వర్తింపజేయడానికి నేను తొందరపడను. పలుకుల వివరణ, అయాన్ల వివరణ ఒకదాన్నొకటి కొట్టేసేవి మాత్రం కావు. ఇంకో మేలు నిస్సందేహంగా ఉంది. ఉప్పునీటిలో గాలి తక్కువగా కరుగుతుంది. కొళాయి నీళ్ళలో కరిగిన గాలి వేడికి బుడగలై ఉక్కుకు అంటిపెట్టుకుని మెత్తటి మచ్చలు మిగిలిస్తుంది, ఉప్పునీళ్ళలో ఆ బెడద తగ్గుతుంది. ఇన్ని మేళ్ళకూ కావలసిన మోతాదు 9 లీటర్ల నీళ్ళకు కిలో ఉప్పు. అంతకుమించి వేసుకుంటూ పోయినా లాభం పెరగదు, ద్రవం చిక్కబడుతుందంతే. సముద్రపు నీటిలో ఉప్పు 3.5 శాతమే గనుక దాని ఫలితం మధ్యస్థం.

మన వాతావరణంలో పనిచేసేవాళ్ళకు ఇంకో కారణం కూడా ముఖ్యం. మంచినీళ్ళు వేడెక్కేకొద్దీ ఆవిరి తెర మందమవుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. 20 డిగ్రీల నీళ్ళు చేసే పని 40 డిగ్రీల నీళ్ళు చేయవు. పుస్తకాల్లో రాసే చల్లార్పు లెక్కలు చాలావరకు ఆ చల్లటి నీళ్ళను బట్టి రాసినవే. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల షెడ్డు కింద ఉన్న తొట్టి నీళ్ళు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, పైగా ముంచిన ప్రతి ముక్కా వాటిని ఇంకాస్త వేడెక్కిస్తుంది. పొద్దున ముంచినవి గట్టిగా, మధ్యాహ్నం ముంచినవి మెత్తగా వస్తే తప్పు ఉక్కుదనుకోవడం మామూలే. ఉప్పునీళ్ళకు ఈ చపలత్వం చాలా తక్కువ. తెరను నిలవనివ్వనప్పుడు దాని మందం ఎంతన్న ప్రశ్నే పెద్దగా రాదు కదా.

పాత గ్రంథాల్లోని వింత ఔషధాలను కూడా ఈ వెలుగులో చూడాలి. పన్నెండో శతాబ్దపు జర్మన్ సన్యాసి థియోఫిలస్ తన శిల్పకళల గ్రంథంలో ఆకురాయి తయారీ చెబుతూ, కాల్చిన ఎద్దు కొమ్ముపొడిలో ఉప్పు కలిపి ఎర్రటి ఆకురాయి మీద చల్లమంటాడు. వేరేచోట మేక మూత్రంలోనో చిన్నపిల్లాడి మూత్రంలోనో పనిముట్లను చల్లార్చమంటాడు. 1532లో జర్మనీలో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో ముల్లంగి రసం, వానపాముల నీరు కూడా కనిపిస్తాయి. మన వరాహమిహిరుడు బృహత్సంహితలో, అరటి బూడిద క్షారాన్ని మజ్జిగతో కలిపి ఒక రోజు ఉంచి, దానితో కత్తికి పదును పెడితే అది రాతి మీద కొట్టినా విరగదని రాశాడు. ఇవన్నీ మూఢనమ్మకాలని తోసేయడం సులువు. అన్నీ మహావిజ్ఞానమని ఎత్తుకోవడం ఇంకా సులువు. మూత్రం పలుచటి లవణ ద్రావణం, అరటి బూడిదలో పొటాషియం లవణాలు దండిగా ఉంటాయి. కాస్టిక్ సోడా 3 నుంచి 5 శాతం కలిపిన నీళ్ళు ఉప్పునీళ్ళకన్నా తీవ్రంగా చల్లారుస్తాయని ఆధునిక కొలతలే చెబుతున్నాయి కాబట్టి, క్షారం మీద కమ్మరులకు కుదిరిన గురి గాలివాటున కుదిరింది కాదు. అయితే మూత్రంలోని లవణం ఉండాల్సిన మోతాదుకు చాలా తక్కువ, మజ్జిగలోని జిగురు పదార్థాలు చల్లార్పును నెమ్మదింపజేస్తాయి కూడా. పనిచేసిన దినుసు ఏదో, ఊరికే చేరిన దినుసు ఏదో విడదీసి చూసే పరికరం వాళ్ళ దగ్గర లేదు. ఫలితాన్ని చూసే కన్ను మాత్రం ఉంది, ఆ కంటిని నేను గౌరవిస్తాను.

ఇక అసలు అభ్యంతరం. ఇంత జోరుగా చల్లారిస్తే ఉక్కు పగలదా? పగిలిన ముక్కలు చూపించి అడిగేవాళ్ళున్నారు, వాళ్ళ మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే పగులు ఎందుకు వస్తుందో విడమరచి చూడాలి. ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 4 శాతం దాకా పెరుగుతుంది. ముందు పైపొర మారి గట్టిపడుతుంది. తర్వాత లోపలి భాగం కూడా మార్టెన్‌సైట్ అయితే, అది ఉబ్బి, అప్పటికే బిగుసుకున్న పైపొరను లోపలి నుంచి తోస్తుంది. సాగే గుణం లేని పైపొర చీలుతుంది. ఈ కథలో దోషి ఒక్క వేగమే కాదు, లోపలిదాకా గట్టిపడే ఉక్కు కూడా. క్రోమియం, మాంగనీస్ లాంటివి కలిసిన ఉక్కుల్లో ముక్కు గడువు సెకన్లకూ, కొన్నిటిలో నిమిషాలకూ పెరుగుతుంది. నూనెలో ముంచినా అవి నడిమధ్య దాకా గట్టిపడతాయి, వాటికి ఉప్పునీళ్ళు అనవసరం, హానికరం కూడా. సాదా కార్బన్ ఉక్కు అలా కాదు. వేలిమందం మించిన కడ్డీని ఎంత జోరుగా చల్లార్చినా పైన కొన్ని మిల్లీమీటర్లే మార్టెన్‌సైట్ అవుతుంది, లోపలంతా ముందే పెర్లైట్‌గా మారిపోయి ఉంటుంది. ఉబ్బిన పైపొరను ఉబ్బని లోపలి భాగం లాగి పట్టుకుంటుంది, పైపొర అన్ని వైపుల నుంచీ నొక్కుడులో ఉంటుంది. నొక్కుడులో ఉన్న చోట పగులు తెరుచుకోదు.

పట్టుబట్టేవాళ్ళకు ఇంకో సాక్ష్యం ఉంది. నికోలాయ్ కోబాస్కో అనే ఉక్రెయిన్ శాస్త్రవేత్త కీవ్‌లో 1960ల నుంచి ఈ పగుళ్ళ మీదే పనిచేశాడు. చల్లార్చే వేగం పెంచుతూ పోతే పగిలే అవకాశం మొదట పెరిగి, ఒక శిఖరం చేరి, ఆ తర్వాత తిరిగి తగ్గుతుందని ఆయన చూపించాడు. మరీ జోరుగా, అన్ని వైపులా ఒకేసారి చల్లారితే లోపలి భాగం మారకముందే చుట్టూ బలమైన కవచం ఏర్పడుతుంది, నొక్కుడు పైపొరకు చేరుతుంది. నడిమంతరపు వేగమే అన్నిటికన్నా ప్రమాదకరమన్నమాట. తొట్టిలో ఉప్పు కలిపినంత మాత్రాన ఆ శిఖరం అవతలికి చేరిపోతామని నేననడం లేదు. దానికి ద్రవాన్ని గట్టిగా తిప్పడం, సరైన క్షణంలో బయటికి తీయడం కూడా కావాలి. కానీ వేగం పెరిగితే పగులు పెరుగుతుందన్న సాదాసీదా నమ్మకం అన్నిచోట్లా చెల్లదని ఇక్కడ రుజువైంది. మంచినీళ్ళలో ఒక పక్క తెర చిరిగి, ఇంకో పక్క తెరతో చల్లారిన ముక్కలో పుట్టే లాగుడు ఈ లెక్కలో అన్నిటికన్నా చెడ్డది. ఉప్పునీళ్ళు ఆ అసమానతనే తగ్గిస్తాయి.

పరిశ్రమ ఈ సంగతిని చేతల్లో ఎప్పుడో ఒప్పుకుంది. బోల్టు తలల్ని చల్లటి కమ్మీ మీదే కొట్టి తయారుచేసే అచ్చులున్నాయి కదా, వాటి మధ్య రంధ్రం లోపలి గోడ లెక్కలేనన్ని దెబ్బలు తింటుంది. వాటిని సాదా కార్బన్ ఉక్కుతో చేసి, కాల్చి, రంధ్రంలోంచి ఉప్పునీళ్ళనో మంచినీళ్ళనో జోరుగా చిమ్మి చల్లారుస్తారు. లోపలి గోడ మాత్రమే గట్టిపడి నొక్కుడులో బిగుసుకుంటుంది, చుట్టూ ఉన్న లోహం మెత్తగా ఉండి దెబ్బను ఓర్చుకుంటుంది. ఆకురాళ్ళ తయారీలోనూ ఉప్పునీటి తొట్టి పాతకాలం నుంచీ ఉన్నదే. పళ్ళ మొనల్లో కార్బన్ కాలిపోకుండా ఉప్పు కలిపిన ముద్ద పూసి, కాల్చి, నిలువుగా తొట్టిలోకి దించుతారు. ప్రతి పన్నూ ఒక మొనే, ప్రతి రెండు పళ్ళ మధ్యా ఆవిరి దాక్కునే గాడి ఉంది. ఒక్క గాడిలో ఆవిరి నిలిచినా ఆ పళ్ళు మొదటి రుద్దుకే అరిగిపోతాయి. వేల గాడుల్ని ఒకేసారి తడపగలిగే ద్రవం ఇంత చవకగా ఇంకోటి లేదు.

ఈ మేళ్ళన్నీ తగిన ఉక్కుకే కాబట్టి ముంచబోయే ఉక్కు ఏదన్నదే మొదటి ప్రశ్న. మన కొలిముల్లో కొడవళ్ళకూ కత్తులకూ లారీ కమాన్ పట్టీలు వాడటం మామూలు. అవి ఎక్కువగా సిలికాన్, మాంగనీస్, క్రోమియం కలిసిన ఉక్కులు, నూనెలో చల్లార్చడానికి ఉద్దేశించినవి. వాటిని ఉప్పునీళ్ళలో ముంచితే టక్కుమని విరిగే అవకాశం ఎక్కువ, ఆ తప్పు ఉప్పుది కాదు. బేరింగు ఉక్కైన ఇఎన్31 కూడా అంతే. పాత ఆకురాళ్ళు, సాదా కార్బన్ ఉలులు, సమ్మెట తలలు మాత్రం ఉప్పునీళ్ళకు తగినవి. అక్కడ కూడా సన్నటి చోటు నుంచి మందమైన చోటుకు ఒక్కసారిగా మారే ఆకారాలను, అంచు దగ్గరే రంధ్రం ఉన్న ముక్కలను దూరంగా ఉంచాలి.

తుప్పు గురించిన ఫిర్యాదు నిజమే. క్లోరైడు ఉక్కును తినేస్తుంది, తొట్టినీ పట్టుకారులనూ వదలదు. తీసిన ముక్కను అప్పటికప్పుడు వేడినీళ్ళలో కడిగి తుడిచి నూనె పూయకపోతే ఒక్క రాత్రిలో ఎర్రబారుతుంది. కాస్టిక్ సోడాతో ఆ బాధ ఉండదుగానీ, ఎగిరిన చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, చిన్న షెడ్డులో దాన్ని నేను సిఫారసు చేయను. నూనె తొట్టికి తుప్పు లేదు, కానీ పొగ ఉంది, మంటలంటుకునే భయం ఉంది, ఖర్చు ఉంది. ఎండకు ఆరిన గళ్ళుప్పు, ప్లాస్టిక్ డ్రమ్ము, పక్కన ఇంకో బక్కెట్టు వేడినీళ్ళు సరిపోతున్నప్పుడు, తుప్పును సాకుగా చూపి మెత్తటి ఉలులతో సరిపెట్టుకోవడం నాకు న్యాయంగా తోచదు. జాగ్రత్త అసలు పడాల్సింది తర్వాతి మెట్టులో. ఉప్పునీళ్ళలోంచి తీసిన ముక్కలో లోపలి ఒత్తిళ్ళు ఇంకా సర్దుకోలేదు, తొట్టిలో పగలనిది బల్ల మీద పెట్టాక గంటల తర్వాత కూడా పగలవచ్చు. పూర్తిగా చల్లబడిపోకముందే, చేతికి గోరువెచ్చగా తగులుతుండగానే, దాన్ని కడిగి 150 నుంచి 200 డిగ్రీల వేడిలో గంటసేపైనా ఉంచి టెంపరింగ్ చేయాలి, పొయ్యిని అందుకోసం ముంచడానికి ముందే వేడెక్కించి పెట్టుకోవాలి.